గృహవస్తు సంరక్షణము: కళాయి గిన్నెయు కారు రంగును



ఈ మాసమున మనము ముచ్చటించుకొనబోవు విషయము విని మీలో కొందఱు నవ్వవచ్చును. చలికాలపు ప్రదర్శనములకు పాత స్పోర్ట్స్ కారును సిద్ధపఱచు విధమును గుఱించి వ్రాయుచున్నాను. "కారు కడుగుట డ్రైవరు పని గదా, మన పుటలలో దీనికేల చోటు?" అని యడుగువారికి నా ప్రత్యుత్తర మొక్కటే. ఇంటిలో ఏ వస్తువు పాతబడిన కొలది విలువ పెరుగునో, దానిని కాపాడు భారము తుదకు ఆ యింటి స్త్రీల చేతులకే వచ్చును. నగలట్లు వచ్చినవి. ఇత్తడి బిందెలు, పట్టుచీరలు, తాతలనాటి పుస్తకము లట్లు వచ్చినవి. కొన్ని యిండ్లలో నిపుడు పాత మోటారు కారు కూడ అట్లే వచ్చినది.

మా మేనత్తగారి యింట అట్టి కారొకటి కలదు. ఆమె మా తండ్రిగారి పెద్దక్కగారు, ఎనుబదేండ్లు నిండినవి. ఇల్లు భీమునిపట్నమున సముద్రము చప్పుడు వినవచ్చునంత దూరములో నున్నది. కారు ఎఱ్ఱనిది, ఇద్దఱు మాత్రమే కూర్చుండదగినది, పేరు ఎమ్.జి. టి.సి. ఎమ్.జి. యనునది మోరిస్ గ్యారేజెస్ అను పేరునకు పొడి యక్షరములు. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున నీ కార్లు తయారయ్యెడివి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో టి.సి. రకము మొదలైనది; సుమారు 10,000 కార్లు తయారైన పిమ్మట దాని స్థానమున వేఱొక రకము వచ్చినది. ఇంజను 1250 సి.సి.ది. ముందు నిటారుగ నిలిచిన రేడియేటరు, దాని కిరుప్రక్కల పెద్ద దీపములు, సన్నని చువ్వల చక్రములు, మడుచుటకు వీలైన గుడ్డ కప్పు దీని యానవాళ్ళు. తలుపుల పైయంచు మోచేయి ఆనించుటకు వీలుగ పల్లముగ కోయబడి యుండును. పై రేకుల క్రింద నున్న చట్రము యాష్ అను సీమ కలపతో చేసినది. ఈ కలప సంగతి గుర్తుంచుకొనుడు. కడుగునపుడు దానితో పని కలదు.

మామయ్యగారు దీనిని యౌవనమున, అప్పటికే మఱియొకరు వాడిన కారుగా కొనిరి. వారు 2013లో గతించిరి. నాటినుండి కారు అత్తయ్యగారి చేతిలో నున్నది.

నేను చేసిన తప్పు ముందు చెప్పి, పిమ్మట విధానము చెప్పెదను.

మూడేండ్ల క్రిందట సంక్రాంతి సెలవులకు మేము అత్తయ్యగారింటికి పోయితిమి. మా బావగారు, అనగా ఆమె కుమారుడు, కొందఱు మిత్రులతో కలసి పాత బండ్ల నన్నిటిని ఒకనాటి యుదయమున సముద్రపు టొడ్డున నిలిపి నలుగురికి చూపవలెనని తలంచిరి. కారు ఎడమ మడ్గార్డు మెఱుపు మాసి, ఎఱుపు పోయి, ఇటుకపొడి చల్లినట్లుండెను. సాయపడవలెనను నుత్సాహముతో నేను అంగడినుండి రబ్బింగు పాలిష్ డబ్బా యొకటి తెప్పించి తోమ మొదలిడితిని. గుడ్డ ఎఱ్ఱబడినది. ఎంత మురికి వదలుచున్నదో యని సంతోషించి మఱింత గట్టిగ తోమితిని. మడ్గార్డు మెఱసినది. కాని దాని యంచున రూపాయి బిళ్ళంత మేర బూడిదవన్నె మచ్చ యొకటి తేలినది. గుడ్డకంటినది మురికి కాదు, రంగే యని యప్పుడు తెలిసినది.

అత్తయ్యగారు వచ్చి చూచిరి. కోపపడలేదు. "అమ్మడూ, కళాయి గిన్నెకు బయట చింతపండు పెట్టి తోముతాము. లోపల ఇసుక పెట్టి తోముతామా?" అని మాత్రమే యడిగిరి.

ఆ ప్రశ్నలో నీ విద్య యంతయు నిమిడి యున్నది. ఇత్తడి గిన్నె వెలుపల నెంత తోమినను లోపలనుండి వచ్చునది ఇత్తడియే. నూఱేండ్లు తోమినను మెఱయును. లోపలి కళాయి యట్టిది కాదు. అది పూత. తోమిన కొలది తఱుగును. తఱిగిన పిమ్మట పులుసు చిలుమెక్కి విషమగును. కారు మీది యెఱుపు కళాయి వంటిదే గాని యిత్తడి వంటిది కాదు. దానిని తోమి మెఱుగు తెచ్చినపు డెల్ల మనము దానిలో కొంత గుడ్డలోనికి దించుచున్నాము.

ఎంత పలుచని పూతయో లెక్క చూడుడు. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. మన తలవెండ్రుక మంద మించుమించు 70 మైక్రానులు. నేటి కార్లకు ఇనుపరేకు మీద నున్న పూత లన్నియు కలిపి సాధారణముగ 100 మొదలు 150 మైక్రానుల వఱకు నుండును. అందు అన్నిటికి పైనుండు, గాజువలె స్వచ్ఛమైన పూత 40, 50 మైక్రానులు, అనగా వెండ్రుక కంటెను పలుచన. మా అత్తయ్యగారి కారు వంటి పాతవానికి ఆ గాజు పూతయే లేదు. ఎండకును గాలికిని నెదురొడ్డునది రంగే. కనుకనే తోమినపుడు గుడ్డకు రంగంటును. మఱియు నే రేకునకైనను అంచులయందును మడతలయందును రంగు మఱింత పలుచగ నుండును. నేను తోమినది సరిగా నా యంచుననే.

ఇక ప్రదర్శనముల మాట. మన దేశమున పాత కార్ల ప్రదర్శనములకు చలికాలమే ఋతువు. స్టేట్స్‌మన్ పత్రికవారి పాత కార్ల ర్యాలీ 1964లో మొదలైనది. కార్ల యందమును, నిజత్వమును పరీక్షించి బహుమాన మిచ్చు సభలకు ఫ్రెంచివారి మాటతో కాంకూర్ అని పేరు. అట్టి సభ యొకటి 2017 ఫిబ్రవరిలో మన హైదరాబాదు ఫలక్‌నుమా ప్రాసాదమున జరిగినది. హైదరాబాదు పోవు సోదరీమణులు చౌమహల్లా ప్రాసాదమున నున్న పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును తప్పక చూడవలెను. ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాను దానిని చేయింప నాజ్ఞాపించి, 1911లో తాను గతించుటచే దానిపై నెక్క నోచుకొనలేదు.

ఇట్టి పరీక్షకులు తళతళ లొక్కటే చూతురని మా బావగారి నమ్మకము. నిరుడు శ్రావణమున వారు రంగు వేయు మేస్త్రీని పిలిపించి, కారంతయు గీకి క్రొత్త యెఱుపు వేయింప నిశ్చయించుకొనిరి. అత్తయ్యగారు కాదనలేదు, ఔననలేదు. షెడ్డులోనికి పోయి ఎడమ తలుపు ప్రక్కన చాలసేపు నిలువబడిరి. పిదప నాకు ఫోను చేసి, "నీవు పుస్తకాలు చదువుతావు గదా, ఒక్కమాటు వచ్చి చూసి వాడికి చెప్పు" అనిరి.

నేను పోయి చూచితిని. కుడి తలుపు పల్లములో, మామయ్యగారి మోచేయి నిలుచు చోట, రంగు అఱచేయంత మేర అరిగి నున్నగ నైనది. ఎడమ తలుపు లోపలి యంచున సన్నని గీతలు గుంపుగ నున్నవి. అవి అత్తయ్యగారి గాజులు ఒఱసినవి. విశాఖపట్నమునకు సముద్రపు టొడ్డు బాటను పోవునపుడు ఆమె చేయి ఆనించుకొనిన చోటది. మేస్త్రీకి అవి గీతలు. ఆమెకు గీతలు కావు.

అందుచే బావగారితో నేను వాదింపలేదు. ముందు కారును చక్కగ శుభ్రపఱచి, అప్పటికిని మీకు క్రొత్తరంగే కావలెనని తోచినచో వేయింపుడని యంటిని. ఆ శుభ్రము చేసిన క్రమమే యిప్పుడు మీకు చెప్పుచున్నాను.

మొదట సముద్రమును గుఱించి. మన తీరమున కారునకు శత్రువు ధూళి కంటె ఉప్పు. ఉప్పు గాలిలోని తేమను పీల్చి రేకు మీద కంటికి కానరాని తడిని నిలుపును. ఆ తడిలో ఇనుము త్వరగ తుప్పు పట్టును. దీనికి మందు మంచినీరే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును దాటినపుడు షెడ్డు పైకప్పు లేచిపోయి కారు ఉప్పుజల్లులో తడిసినది. కరెంటు లేదు, కుళాయి నీరు లేదు. అత్తయ్యగారు మఱునాడు పెరటి నూతినుండి చేదతో నీరు తోడి, కారు క్రిందిభాగమునుండి మొదలిడి, చెంబుతో నుప్పంతయు కడిగించిరట. ఆ కారు నేడు నిలిచి యుండుటకు ఆ చెంబు నీళ్ళు ముఖ్యకారణము.

రెండవది ఇసుక. భీమునిపట్నము దారిలోని ఎఱ్ఱమట్టి దిబ్బల నెఱుగనివా రుండరు. ఆ ప్రాంతపు ధూళి కారుమీద మెత్తగ నగపడును గాని, ప్రతి రేణువును చిన్న గాజుపెంకు వంటిది. పొడిగుడ్డతో తుడిచితిరా, మీ చేతులార రంగును గీచినట్లే. ఈకల కుంచెయు వలదు. మొదట నీటితో జాఱవిడువ వలెను, పిమ్మటనే ముట్టవలెను.

కడుగుట కనువైన వేళ ఉదయము. కారు నీడలో నుండవలెను. రేకు చేతికి చల్లగ తగులవలెను. ఎండలో కడిగినచో నీటిబొట్టు ఆఱి, నీటిలోని సున్నము తెల్లని చుక్కయై నిలుచును. బోరునీరు కఠినముగ నుండు నిండ్లవారు తుదిసారి కడుగుటకు వాననీటిని గాని వడపోసిన నీటిని గాని వాడుట మంచిది. పనికి దిగకముందు ఉంగరములు, గాజులు తీసివేసి, కొంగు నడుమున దోపుకొనవలెను. కొంగునకు పిన్నీసు పెట్టుకొనరాదు. వంగినపు డది రేకునకు తగులును.

రెండు బాల్చీలు కావలెను. ఒకదానిలో కార్లకై చేసిన మెత్తని షాంపూ కలిపిన నీరు, రెండవదానిలో మంచినీరు. గుడ్డను సబ్బునీట ముంచి ఒక భాగమును తుడిచి, దానిని మంచినీట జాడించి, పిమ్మటనే మఱల సబ్బునీట ముంచవలెను. అట్లు చేసిన ఇసుక యంతయు రెండవ బాల్చీ యడుగున చేరును. మఱల కారుమీదికి రాదు. పైనుండి క్రిందికి, ఒకే దిక్కున, చేయి బరువు మోపక తుడువవలెను. గుండ్రముగ త్రిప్పి తుడిచినచో సన్నని గీతలు సాలెగూడు వలె నేర్పడి యెండలో నగపడును. గిన్నెల సబ్బుపొడి వలదు. అందు గరుకు పొడి యుండును, పైగా మైనము నంతను వదలించును.

నీటి గొట్టము వడి మీద తెఱచి పాత కారుమీద కొట్టరాదు. లోపల కలప చట్రమున్నదని చెప్పితిని గదా. అతుకుల గుండ నీరు దిగినచో కలప లోలోపల నాని పుచ్చిపోవును, పైకి తెలియదు. పిండిన గుడ్డతో తుడుచుట యిట్టివానికి మేలు.

చక్రములకు వేఱు బాల్చీ, వేఱు గుడ్డ యుండవలెను. బ్రేకుల నుండి రాలు ఇనుపపొడి అచ్చట నుండును. ఆ గుడ్డ మఱి రంగును తాకరాదు. చువ్వల చక్రమును శుభ్రము చేయుట జడ చిక్కు తీయుట వంటిది. మెత్తని కుంచెతో ఒక్కొక్క చువ్వను తుడిచి, సన్నని గుడ్డపేలికను చువ్వల నడుమ దూర్చి అటునిటు లాగవలెను. ఆమ్లము కలిసిన ద్రావకముల జోలికి పోరాదు. చువ్వ మొదట తడి నిలువకుండ ఆఱనీయవలెను. ఒక చక్రమునకు నాకు గంట పట్టినది.

తుడిచి యాఱబెట్టుటకు మైక్రోఫైబరు గుడ్డలు శ్రేష్ఠము. అవి లేనిచో నెన్నో మాఱు లుదికి మెత్తబడిన నూలుబట్ట వాడవచ్చును. అంచు, కుట్టు, గుండీ, జరీ లేకుండ చూడవలెను. నేలబడిన గుడ్డను ఆ పూట మఱల ముట్టరాదు. ఈ యొక్క నియమము తప్పుటవలన పాడైన కార్లు లెక్కలేనన్ని.

కడిగిన పిదప రేకు నున్నగ నున్నదో లేదో వ్రేళ్ళకు చక్కగ తెలియదు. చేతికి పలుచని పాలిథీను సంచి తొడిగికొని నిమిరి చూడుడు. కంటికి కానరాని గరుకు అప్పుడు తెలియును. ఆ గరుకు తీయుటకు క్లే అను మెత్తని ముద్ద దొరకును. దానిని జారుడు ద్రావకముతో తడిపి, రేకుమీద తేలికగ జరుపవలెను. పాతరంగు మీద మొదట కానరాని చోట పరీక్షించి చూచుట యవసరము.

ఇప్పుడు పాలిష్. ఇచ్చటనే చేతులు తొందరపడును. ముందు రంగు మందమును కొలుచు చిన్న పరికరమును సంపాదింపుడు. ఇనుపరేకు మీద నానించిన నది మైక్రానుల లెక్క చెప్పును. బావగారు మిత్రునొద్ద నొకటి తెచ్చిరి. బానెట్టు మీద నూఱు దాటినది. నేను తోమిన మడ్గార్డు ప్రక్కన నిలిపినపుడు సంఖ్య యెంతకు దిగెనో చూచి నేను తల వంచుకొంటిని. బావగారు మాత్రము ఆ సంఖ్యను చాలసేపు చూచుచుండిరి. కారునంతను గీకుడని మేస్త్రీతో చెప్పినది వారే గదా.

పలుచనైన చోట పాలిషే వలదు. మందముగల చోట నన్నిటికంటె మెత్తని దానితో, జేనెడు మేర పరీక్షింపవలెను. అది చాలినచో దానికంటె గట్టిదాని జోలికి పోరాదు. ఎండి వెలవెలబోయిన పాత యెఱుపునకు గరుకులేని, నూనెగల పాలిష్ మేలు. దానిని దట్టముగ పట్టించి రాత్రియంతయు వదలి, మఱునాడు మెత్తగ తుడిచితిమి. తలకు నూనె పెట్టి మఱునాడు దువ్వినట్లు. ఇటుకవన్నె నుండి కుంకుమవన్నెకు వచ్చినది. రంగు పోలేదు, ఎండిన రంగు నూనె త్రాగినది.

దానిపై మైనము. కార్లకు వాడు మైనములలో పేరుగన్నది కార్నాబా. బ్రెజిలు దేశమున పెరుగు నొక జాతి తాటి యాకులనుండి దీనిని తీయుదురు. వలసినంత కంటె తక్కువగ, ఉల్లిపొర వలె పట్టించి, ఆఱిన పిమ్మట తుడువవలెను. సముద్రతీరమున దీనిని తఱచుగ మఱల పట్టింప వలసి యుండును. సిరామిక్ అని పిలుచు గట్టిపూతలు నేడు వచ్చినవి. నిత్యము తిరుగు క్రొత్త కార్లకు మంచివే. కాని పాత రంగునకు, మఱల సులభముగ తీయరాని దానిని పట్టింపకుండుటే క్షేమము. మైనము నెపుడైన తీసివేయవచ్చును.

రేడియేటరు తొడుగు, దీపపు గిన్నెలు క్రోమియం పూతవి. వెండివలె మెఱయుచున్నవని చింతపండో నిమ్మచెక్కయో పట్టింపరాదు. పైని క్రోమియం పొర సాధారణముగ ఒక మైక్రాను కైనను చాలదు; దాని క్రింద నికెలు పొర యుండును. క్రోమియం లోని సూక్ష్మరంధ్రముల గుండ ఉప్పుతడి లోనికి దిగి, క్రింది లోహమును తినును. తడిగుడ్డతో తుడిచి, ఆఱబెట్టి, కొంచెము మైనము పట్టించిన చాలును.

తోలు సీట్లకు కొబ్బరినూనె రాయుట మన యిండ్ల యలవాటు. అది కొన్నాళ్ళకు చిక్కనై, ధూళిని పట్టి, మన తేమలో బూజునకు తావిచ్చును. పిండిన గుడ్డతో తుడిచి, నీడన ఆఱనిచ్చి, తోలునకై చేసిన లేపనమును కొద్దిగ పట్టించుటే మేలు. ఇంజను భాగమును బ్యాటరీ తీగ విప్పి, పొడి కుంచెతో దులుపవలెను. కుంచెకు ఇనుప పట్టీ యున్నచో దానికి టేపు చుట్టవలెను. టైర్లకు నిగనిగలాడు నూనె వలదు. పాత కారునకు అది నప్పదు. కప్పి యుంచుటకు ప్లాస్టిక్ పట్ట పనికిరాదు. గాలి యాడు నూలు ముసుగు వేయవలెను, తడి యుండగ నదియు వేయరాదు.

పని యంతయు ప్రదర్శనము ముందునాడు పెట్టుకొనరాదు. నెల ముందు కడుగుట, రెండు వారముల ముందు పాలిష్, వారము ముందు మైనము. ముందునాడు దుమ్ము దులుపుట మాత్రమే. అలసిన చేయి బరువుగ పడును, బరువైన చేయి పూతను తినును.

ఇక మా యింటి తగవు సంగతి. శుభ్రము పూర్తియైన నాడు బావగారి ముందు రెండు విషయము లుంచితిని. మొదటిది, పాత వాహనముల సమాఖ్యయగు ఫీవా వారు 2012లో నంగీకరించిన టురిన్ శాసనము. వాహనమును చరిత్ర సాక్ష్యముగ నెంచి, ఉన్నదానిని నిలుపుటకే మొదటి స్థానమిచ్చి, క్రొత్తగ చేయుటను తప్పనిసరి యగు చోటికే పరిమితము చేయవలెనని దాని సారము. కాంకూరు సభలలో తిరిగి రంగు వేయని కార్లకు వేఱు తరగతి యుంచి బహుమాన మిచ్చుట యిప్పు డనేక చోట్ల నాచారము. రెండవది, 2021 జూలైలో మన కేంద్ర ప్రభుత్వము తెచ్చిన వింటేజి వాహనముల నియమము. 50 ఏండ్లు దాటి, మూలరూపమున నుండి, చట్రము, తొడుగు, ఇంజను పెద్దగ మార్పబడని వాహనములకు ప్రత్యేక నమోదు కలదు. ఫలకము మీద రాష్ట్రపు అక్షరముల వెంట వి.ఏ. అను అక్షరములుండును. క్రొత్త నమోదునకు 20,000 రూపాయలు, మఱల చేయించుటకు 5,000 రూపాయలు. నమోదు 10 ఏండ్లు చెల్లును. అట్టి కారును నిత్యము తిరుగుటకు గాని కిరాయికి గాని వాడరాదు. ప్రదర్శనము, ర్యాలీ, మరమ్మతు వంటి పనులకే వెలికి తీయవలెను. క్రొత్తరంగు వేయుట మాత్రమే ఆ నియమమునకు విరుద్ధము కాదు. దానిని దాచి చెప్పుట న్యాయము గాదని బావగారికి అదియు చెప్పితిని.

క్రొత్త రంగెన్నడు వలదని నేననను. రంగు క్రింద బుడగలు లేచి తుప్పు తినుచున్నచో గీకి, మందు పట్టించి, రంగు వేయక తప్పదు. ఉపేక్షించిన రేకే పోవును. కాని ముందు మూడు ప్రశ్న లడుగుకొనవలెను. ఇది మురికియా? ఐనచో కడుగుడు. ఇది రోగమా? ఐనచో చికిత్స చేయుడు. ఈ రెండును గాక, ఇది మనుష్యు లుండిన గుర్తా? ఐనచో చేయి తీయుడు. మురికిని గుర్తుగ నెంచి వదలువారును కలరు, గుర్తును మురికిగ నెంచి తోమువారును కలరు. నేను రెండవ కోవలోని దానను.

బావగారు తలుపు తెఱచి, గాజుల గీతల మీద చేయి యుంచి, "ఇవెప్పటివమ్మా?" అని యడిగిరి. "నీవు పుట్టకముందువి కూడా ఉన్నాయి" అని అత్తయ్యగారనిరి. మేస్త్రీకి ఆ సాయంకాలమే కబురు పంపిరి, ఈ యేడు రాకుమని. వచ్చే యేటి మాట నేనెఱుగను. కారు ఆమెది, ఆమె తరువాత బావగారిది.

ఈ చలికాలమున కారు ప్రదర్శనమునకు పోవుచున్నది. మడ్గార్డు మీది బూడిద మచ్చకు సరిపోవు రంగు చుక్క కలిపి పెట్టింతునని నేనడుగగా అత్తయ్యగారు వలదనిరి. "మైనం రాస్తూ ఉండు, తుప్పు పట్టకుండా. ఆ మచ్చ నీది" అనిరి. నెలకొకమాఱు పోయి రాయుచున్నాను.

తమ యిండ్ల పాత వాహనములను గాని, కళాయి, వెండిపూత, బంగారుపూత గల వస్తువులను గాని కాపాడిన యనుభవము గల సోదరీమణులు మాకు వ్రాయవలెనని కోరుచున్నాను. పాడుచేసిన యనుభవమైనచో మఱియు నుపయోగము. రాబోవు మాసమున నూనెదీపములకు వాడు పాత కంచుకుందుల చిలుము తీయు విధము వ్రాసెదను. అవి పూత కావు గనుక, వానిని మనసార తోమవచ్చును.